రాకపోకలు లేని రోడ్డు

ఈతగరువుకి ఒక్క బండి కూడా రాదని అర్జీ అందుకోని ఆఫీసు ఆ కొండల కింద ఎక్కడా మిగల్లేదు. ఊరు రెండు రాష్ట్రాల మధ్య, కొండ వీపు మీద కూర్చుని ఉంటుంది. కొన్ని ఇళ్ళకు గుమ్మం ఒక రాష్ట్రంలో, పెరడు ఇంకో రాష్ట్రంలో. ఓట్లొచ్చినప్పుడు రెండువైపులవాళ్ళూ ఎక్కొచ్చి "మీరు మావాళ్ళే" అంటారు. రోడ్డు అడిగితే రెండువైపులవాళ్ళూ "మీరు వాళ్ళవాళ్ళు కదా" అంటారు.

అడిగి అడిగి నోరు నొప్పెట్టాక ఊరివాళ్ళు అడగడం మాని గునపాలు పట్టుకున్నారు. పొలం పని లేని రోజుల్లో ఇంటికొక మనిషి దిగి, పాత కాలిబాటనే వెడల్పు చేసి, పక్కన పారే గెడ్డలోంచి రాళ్ళు మోసి, కొట్టి, పరిచి, రెండు వేసవుల్లో కొండ కింద సంత దాకా కంకర రోడ్డు వేసుకున్నారు. జీపు ఎక్కగలిగేంత రోడ్డు. ఆ ఎక్కబోయే జీపు మీదే పాంగి లైకోను ఆశంతా.

లైకోను మాట తక్కువ మనిషి. ఏదైనా అడిగితే ఒకసారి చేతిలోని చుట్ట వైపు, ఒకసారి కొండ వైపు చూసి, అప్పుడు కూడా జవాబు చెప్పకపోవచ్చు. "మా ఇంట్లో దూలానికీ మా ఆయనకీ ఒకటే తేడా, దూలం తిండి తినదు" అంటుంది అతని పెళ్ళాం రస్మో.

ఆ యేడు వాళ్ళు రెండేళ్ళ పసుపు తవ్వారు. కొండమీద పసుపు ఒక్క ఏడాదికి ఊరదు. దుంపకి రెండు వానాకాలాలు చూపించాలి. తవ్వి, ఉడకేసి, ఎండేసి, గోనెపట్టల్లో రుద్దాక కొమ్ము విరిస్తే టక్కుమనాలి. లైకోను పసుపు టక్కుమంటోంది. కానీ ఎండిన పసుపు మీద వేసవి వాన ఒక్కటి పడినా కొమ్ముకి నల్లమచ్చ పడుతుంది. సంతలో షావుకారు గోనెలో చెయ్యి పెట్టి, తీసి, పంచెకి తుడుచుకుని మొహం తిప్పుకుంటాడు. కిందటి పంటకి అదే జరిగింది. తలమోతల మీద దింపుతుంటే సగం దారిలో తడిసింది. ఇప్పుడు పసుపు పొడిగా సంతకి చేరితే ఇంటి మీదికి రేకులు వస్తాయి. చేరకపోతే మళ్ళీ రెండేళ్ళు వానంతా ఇంట్లోనే. అంచేత లైకోను సంతలో త్రినాథు జీపు మాట్లాడి ఉంచాడు.

సరిగ్గా అప్పుడొచ్చాడు సైకిలాయన.

లావు టైర్ల సైకిలు. నెత్తిమీద పుచ్చకాయ డిప్పలాంటి టోపీ. ఒంటికి అతుక్కుపోయిన బట్టలు. ఊళ్ళో కుక్కలు మొరగాలో వద్దో తేల్చుకోలేకపోయాయి. రస్మో చెంబుతో నీళ్ళిచ్చి, "పాపం, ఎదిగిపోనాడు గానీ ఇంట్లో కొత్త బట్టలు కుట్టించినట్టు లేరు" అంది మెల్లిగా.

పట్నంలో కంప్యూటర్ల మీద పని చేస్తాననీ, పేరు నిఖిలేశ్ అనీ చెప్పాడు. నీళ్ళు తాగి, రోడ్డు మీద గొంతుక్కూర్చుని, కంకర గుప్పిట్లోకి తీసుకుని, షావుకారు పసుపు చూసినట్టు చూశాడు.

"ఎవరు వేశారండీ ఇది?"

"మేమే," అన్నాడు లైకోను.

"దీనిమీద తారు వెయ్యరు కదా?"

లైకోను చుట్ట వైపు చూశాడు. తారు వేస్తారా అని అడిగేవాళ్ళని పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాడు గానీ, ఎక్కడ వేసేస్తారో అని భయపడేవాణ్ణి చూడలేదు.

"బళ్ళేమైనా తిరుగుతాయా ఇటు?"

లైకోను కొండ వైపు చూశాడు. చదువుకున్న మనిషి, దూరం నుంచి వచ్చాడు, పోయి నలుగురికీ చెబుతాడేమో, ఒక మాట సాయం చేస్తాడేమో అనిపించింది. అందుకని తన జన్మలోకెల్లా పొడుగైన మాట మాట్లాడాడు.

"ఒక్కటీ రాదు బాబూ. ఆటో రాదు, జీపు రాదు, బస్సు మొకం మేం ఎరగం. మా తాతలకాడ్నించీ ఇదే బతుకు. మీరైనా పెద్దోల్లకి సెప్పండి."

నిఖిలేశ్ కళ్ళు చెమర్చాయి. "చెప్తానండీ. తప్పకుండా చెప్తాను," అన్నాడు.

మాట మీద నిలబడ్డాడు. చెప్పాడు.

*

నెల తిరక్కుండా ఈతగరువుకి మూడు జీపులు వచ్చాయి. ఆ ఊరు చూసిన మొదటి బళ్ళు అవే. పిల్లలు వాటి వెనకాల, కోళ్ళు వాటి ముందర పరిగెత్తాయి. మొదటి జీపులోంచి 'సరిహద్దు గిరిసీమ కంకర సైకిల్ మార్గాల అభివృద్ధి మండలి' ప్రత్యేకాధికారి కమలాకర్ గారు దిగారు. ఆయన మామూలుగా మాట్లాడినా శిలాఫలకం మీద చెక్కించడానికి చెబుతున్నట్టే ఉంటుంది.

"గ్రామ ప్రజలారా! ప్రపంచమంతయూ వాహనముల రొదతో, పొగతో సతమతమగుచున్న ఈ తరుణంలో, తరతరాలుగా ఒక్క వాహనాన్నైనా దరిచేరనివ్వని ఏకైక గ్రామంగా ఈతగరువును మా మండలి గుర్తించడమైనది."

వెనకనున్న గుమాస్తా ఒక లావుపాటి కట్ట పైకెత్తి చూపించాడు. అంచులు చెదలు తిన్న కాయితాలు. ఊరివాళ్ళు ఇన్నేళ్ళూ పెట్టుకున్న అర్జీలు.

"మీ గ్రామానికి వాహనములు రావనుటకు మీరే ప్రతియేటా, విసుగు విరామం లేకుండా, వేలిముద్రలతో సహా ఆధారాలు సమర్పించియున్నారు. ఇంతటి పటిష్ఠమైన ధ్రువీకరణ మరే గ్రామమూ ఇవ్వజాలకపోయినది."

ముందు వరసలో కూర్చున్న కాసులమ్మ లేచింది. ఆమె రస్మోకి తల్లి, లైకోనుకి అత్త. అల్లుడు దాచుకున్న మాటలన్నీ ఆమె ఖర్చుపెడుతుందని ఊళ్ళో అంటారు.

"అయ్యి రోడ్డు కోసం ఎట్టినియ్యి బాబూ. బళ్ళు రావట్లేదని ఏడిసినాం మేము."

"అదియే తల్లీ నేనూ చెప్పునది. మీ ఏడుపును మండలి ఆలకించింది."

"ఆలకిస్తే బండి రావాల గదా?"

కమలాకర్ గారు చిన్నపిల్లలకి చెప్పినట్టు చిరునవ్వుతో చెప్పారు: "ఇంతకాలమూ వాహనములు రాలేదు. ఇకపై రాకూడదు. 'రాలేదు' నుండి 'రాకూడదు' వరకు సాగు ప్రయాణమునే అభివృద్ధి అందురు."

జీపుల్లో వచ్చినవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. వాళ్ళతో వచ్చిన నిఖిలేశ్ లైకోనుని వెతికి పట్టుకుని ముందుకు లాక్కొచ్చాడు. "సర్, నాకు మొదట చెప్పింది ఈయనే. పురుగు కూడా రాదని ఎంత గర్వంగా చెప్పారో!"

పురుగు మాట తను అనలేదని లైకోనుకి గుర్తే. ఆ సంగతి చెప్పాలా వద్దా అని కొండ వైపు చూస్తుండగానే కమలాకర్ గారు అతని నెత్తిమీద ఆకుపచ్చ టోపీ పెట్టి, మెడలో ఈల వేసి, "మార్గమిత్ర!" అన్నారు. ఒకసారి పెట్టాక తీసేస్తే పెద్దమనిషి నొచ్చుకుంటాడని లైకోను ఊరుకున్నాడు. అతని ఊరుకోవడాన్ని గుమాస్తా 'సమ్మతి' అని రాసుకున్నాడు.

కొండ కింద, సంత దగ్గర, రోడ్డుకి అడ్డంగా ఎరుపూ తెలుపూ చారల అడ్డకర్ర లేచింది. పక్కన బోర్డు: 'శూన్య రాకపోకల మార్గము. వాహనములు నిషేధము. మూడు చక్రములు, నాలుగు చక్రములు, ఇంజిను గల సమస్త చక్రములు నిషేధము.' లైకోను ఉద్యోగం ఆ కర్ర దగ్గరే.

అతను ఆపిన మొదటి బండి త్రినాథు జీపు. అది లైకోను పసుపు కోసమే వచ్చింది.

"ఓరి బావా, తియ్యరా కర్ర," అన్నాడు త్రినాథు.

లైకోను వెనక్కి చూశాడు. కమలాకర్ గారు గొడుగు కింద నిలబడి చూస్తున్నారు. లైకోను ఈల ఊదాడు. గాలైతే వచ్చింది గానీ శబ్దం సగమే వచ్చింది.

"ఏట్రా ఇది? రమ్మన్నోడివీ నువ్వే, ఆపినోడివీ నువ్వేనా?"

లైకోను బోర్డు వైపు చెయ్యి చూపించాడు. త్రినాథు బోర్డు చదివి, లైకోను టోపీని చదివి, జీపు వెనక్కి తిప్పుకుపోయాడు.

ఆ సాయంత్రం రస్మో అన్నం వడ్డించి, తలెత్తి ఇంటి దూలంతో మాట్లాడింది. "సూసినావా? ఆయన తవ్విన రోడ్డు, ఆయన పసుపు, ఆయన ఈల," అంది. లైకోనుతో మాత్రం మాట్లాడలేదు.

*

రోడ్డు పేరు పట్నంలో పాకింది. శని, ఆదివారాలు లావు టైర్ల సైకిళ్ళు రావడం మొదలైంది. వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు, దాంతోపాటే ఫిర్యాదులూ రాశారు. మేకలు కనిపించాయి అన్నారు ఒకరు. మేకలు 'నాలుగు కాళ్ళ రాకపోకలు' అని మండలి తీర్మానించింది. మేకలకి అడ్డకర్ర కింద నుంచి దూరిపోవడం వచ్చు గనక, కర్ర కింద ఇంకో కర్ర కట్టారు.

ఒకనాడు లైకోను పైకి వెళుతూ వెళుతూ, మలుపు దగ్గర గుంటలో నాలుగు రాళ్ళు వేసి మట్టి కప్పి తొక్కాడు. తను వేసిన రోడ్డు, గుంట కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మూడో రోజుకే కమలాకర్ గారు టేపు పట్టుకుని దిగారు.

"ఈ గుంటను పూడ్చినదెవరు?"

లైకోను చెయ్యెత్తాడు.

"ఇది మార్గపటంలో నమోదైన గుంట! క్రీడాకారులు దూరప్రాంతాల నుండి దీని కోసమే విచ్చేయుచున్నారు. దీని యథాస్థితిని తక్షణమే పునరుద్ధరించవలెను."

లైకోను గునపం తెచ్చి గుంట తీశాడు. కమలాకర్ గారు టేపు దింపి చూసి, "లోతు కొంత తగ్గినది," అన్నారు విచారంగా.

"వానొస్తే ఎదుగుద్ది బాబూ," అన్నాడు లైకోను.

ఆ తర్వాత గురువారం సంతకి ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని దిగుతుంటే, కమలాకర్ గారు అడ్డకర్ర దగ్గర ఆపించారు. పైన సైకిలు తొక్కేవాళ్ళకి మనుషులు అడ్డొస్తున్నారట. అసలు మనుషుల పాదాల వల్ల కంకర అణిగి చదునవుతోందట. చదునైతే పట్నంలో రోడ్డుకీ దీనికీ తేడా ఏముందట.

"రాకపోకలు అనగా ఏమి?" అని అడిగారాయన. "వచ్చుట, పోవుట. మీరు వచ్చుచున్నారు, పోవుచున్నారు. మరి శూన్యమెక్కడ?"

కాసులమ్మ గంప దింపింది. "మరెలాగెల్లమంటారు మమ్మల్ని? ఎగిరా?"

"గగనమార్గం మా మండలి పరిధిలోకి రాదమ్మా."

"పాత బాటన ఎల్దుమంటే, ఆ బాట మీదే గదా ఈ రోడ్డేసినాం!"

"అందుకు మండలి మీకు సర్వదా కృతజ్ఞతతో ఉండును." ఆయన మొహం విప్పారింది. "అయినను దారి లేకపోలేదు. ఇది సైకిల్ మార్గము. సైకిలుతో వచ్చువారిని ఆపు అధికారం నాకు కూడా లేదు. కావున గ్రామానికి ఉచితముగా ఒక సైకిలు మంజూరు చేయించుచున్నాను."

సైకిలొచ్చింది. ఈతగరువులో సైకిలు తొక్కడం వచ్చినవాళ్ళు లేరు. ఉన్నా ఆ ఏటవాలులో కిందికి తొక్కితే సంతలో ఆగరు, పక్క మండలంలో ఆగుతారు. వారం తిరిగేసరికి మేకలు బ్రేకు తీగల్ని కొరికి చూశాయి. గొలుసు ఎవరికో మేకని కట్టేసుకోవడానికి పనికొచ్చింది. అయినా చట్టం చట్టమే. గురువారం పొద్దున్నే సైకిల్ని కావడికి ఒక చివర కట్టి, ఇంకో చివర బరువుకి సరితూగేంత సరుకు కట్టి, ఒకడు మోసేవాడు. సైకిలు సీటుకి పొడుగాటి తాడు కట్టేవారు. ఊరంతా ఆ తాడు పట్టుకుని వరసగా దిగేది. చివర్లో రెండు మేకలు.

కమలాకర్ గారు అది చూసి ఆనందంతో ఉక్కిరిబిక్కిరయ్యారు. 'ఈతగరువు జనాభా యావత్తూ సైకిలు బాట పట్టినది' అని పైకి రాశారు.

జ్వరమొచ్చిన సొన్నో తాతని ఆసుపత్రికి దింపాల్సొచ్చిన రోజున సైకిలుని డోలీలో పడుకోబెట్టి, తాతని తాడు పట్టుకుని నడవమన్నారు. రెండు మలుపులు నడిచి ముసలాయన ఆగాడు.

"ఒరే, దానికేటొచ్చిందిరా, జొరమా?" అన్నాడు.

మోసేవాళ్ళు డోలీ దింపి నవ్వుతూ కూర్చుండిపోయారు. లేచాక ఇద్దర్నీ డోలీలో పక్కపక్కన పడుకోబెట్టారు.

ఇంత జరుగుతున్నా లైకోను పసుపు పైనే ఉంది. తాడు పట్టుకున్నవాళ్ళ నెత్తిన ఎవరి గంప వాళ్ళదే. లైకోనుకి మిగిలింది సైకిలుకి సరితూగేంత పసుపు, వారానికొక్క కావడి. ఆ లెక్కన దిగితే చివరి గోనె వెళ్ళేసరికి కొత్త పసుపు మొలకేస్తుంది. రస్మో రోజూ సాయంత్రం కొమ్ము ఒకటి తీసి దూలం కింద నిలబడి విరిచేది. ఇంకా టక్కుమంటూనే ఉంది. కానీ అటువైపు రాష్ట్రం కొండల మీద మబ్బులు కూడుతున్నాయి. మబ్బులకి అడ్డకర్ర లేదు.

*

మార్గం ప్రారంభోత్సవానికి కమలాకర్ గారు ముహూర్తం పెట్టించారు. పట్నం నుంచి నలభైమంది సైకిళ్ళవాళ్ళు వస్తారు. సంత దగ్గర బయల్దేరి, ఊరిదాకా ఎక్కి, మళ్ళీ సంతకి దిగుతారు.

తేదీ విని కాసులమ్మ ముక్కుమీద వేలేసుకుంది. "అప్పుడు ఇటుకల పండగ బాబూ! ఆ రోజుల్లో దారి ఆడోల్లది."

"శుభం! మీ సంస్కృతిని ప్రదర్శించండి. కార్యక్రమంలో చేర్చుచున్నాము," అన్నారు కమలాకర్ గారు. అదేమిటో ఆయన అడగలేదు.

ఇటుకల పండగ చైత్రంలో వస్తుంది. మగవాళ్ళంతా విల్లంబులు పట్టుకుని అడవికి వేటకి పోతారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా ఊరూ, దారీ ఆడవాళ్ళ ఏలుబడి. దారికి అడ్డంగా వెదురు కట్టి, పాడుతూ, ఆడుతూ నిలబడతారు. ఆ దారిన వచ్చినవాడు తహసీల్దారైనా, పెళ్ళికొడుకైనా అడిగింది ఇచ్చి కదలాల్సిందే. ఇవ్వనివాడికీ, వేట నుంచి ఉత్తచేతులతో వచ్చినవాడికీ ఒకటే మర్యాద, పేడనీళ్ళు.

ఆ యేడు వేటకి వెళ్ళని మగాడు ఊళ్ళో ఒక్కడే. ప్రారంభోత్సవం ముందు రోజు లైకోను టోపీ పెట్టుకుని ఊళ్ళోంచి దిగుతుంటే ఆడవాళ్ళు వెదురుకర్ర దగ్గర పట్టుకున్నారు.

"ఓలమ్మో, మొగోల్లంతా అడవికెల్తే ఈ అడవికోడి మనకాడ ఉండిపోనాదే! నెత్తిన పచ్చటి జుట్టు సూడండి!" అంది ఒకామె.

"మీ మావ బతికుంటే ఈ ఈల ఇని పడీపడీ నవ్వీవోడు అల్లుడా," అంది కాసులమ్మ.

లైకోను చుట్ట వైపు చూశాడు. కొండ వైపు చూశాడు. కొండమీద మబ్బు నల్లబడి ఉంది. తర్వాత ఇంటి వసారాలో పేర్చిన పసుపు గోనెల వైపు చూశాడు. అప్పుడు నోరు తెరిచాడు.

"అత్తా. రేపు నలభై సైకిళ్ళు పైకొస్తాయి."

"వస్తే?"

"కిందకి ఉత్తినే ఎల్తాయి."

అంతే. టోపీ సర్దుకుని దిగిపోయాడు. కాసులమ్మ అతను వెళ్ళినవైపు చూసింది, గోనెల వైపు చూసింది, చేతిలో ఉన్న వెదురు వైపు చూసింది.

"ఓసి రస్మో," అంది, "మీ దూలం మాటాడిందే!"

*

మర్నాడు కమలాకర్ గారు కూడా లావు టైర్ల సైకిలే ఎక్కారు. ఫొటో తీసినంతసేపు తొక్కి, మిగతా దారంతా దాన్ని తోసుకుంటూ, ఎదురుపడిన ప్రతి గుంటనీ పేరుపెట్టి పలకరిస్తూ వెనకబడ్డారు. ఆలోగా పైన, ఊరు చూసి దిగబోతున్న సైకిళ్ళవాళ్ళంతా ఆగిపోయి ఉన్నారు. దిగే దారికి అడ్డంగా వెదురుకర్ర. దాని వెనక, చేతులు చేతులు పట్టుకుని, ఊళ్ళో ఆడవాళ్ళంతా. పాట ఊపందుకుంది.

"అద్భుతం! నిజమైన జానపదం!" అంటూ నిఖిలేశ్ ఫోను తీశాడు. "ఎంత ఇవ్వాలమ్మా? స్కానర్ ఉందా?"

"డబ్బులు మాకొద్దు నాయినా," అంది కాసులమ్మ. "ఆ మూట ఎత్తుకో."

వెనక పసుపు మూటలు వరసగా ఉన్నాయి. గోనెలు విప్పి రాత్రికి రాత్రి చిన్న మూటలు కట్టారు, వీపుకి తగిలించుకునేలా పాత చీరలతో. నిఖిలేశ్ ఒకటి ఎత్తి వాసన చూశాడు. కళ్ళు మళ్ళీ చెమర్చాయి.

"సంతదాకానా?"

"సంతలో మా తమ్ముడు కోమటింటి అరుగు మీద కూకుంటాడు. ఆడికియ్యి. దారిలో తడిపినావంటే మాత్రం ఊరుకోను."

అతని తర్వాత అతని స్నేహితురాలు, ఆ తర్వాత కళ్ళజోడాయన, అందరూ వరసకట్టారు. నాకు పెద్దది ఇవ్వండి అని ఒకడు దెబ్బలాడాడు. అప్పుడు చేరుకున్నారు కమలాకర్ గారు, రొప్పుకుంటూ.

"ఆపండి! ఇది సరుకు రవాణా! శూన్య రాకపోకల మార్గమున సరుకు రవాణా జరుగుట మండలి మౌలిక సూత్రములకు, మార్గదర్శకములకు, ఉద్దేశ లక్ష్యములకు..."

"ఎవరు బాబూ వచ్చిందీ?" అంది కాసులమ్మ. "సైకిళ్ళే గదా! సైకిల్ని ఆపీ అధికారం మీకు కూడా లేదని మీరే గదా సెలవిచ్చినారు. మీరూ ఓ మూట అందుకోండి."

"...పూర్తిగా విరుద్ధమగుటయే గాక, ప్రత్యేకాధికారి హోదాలో నేను దీనిని తీవ్రముగా..."

ఆయన వాక్యం చివరికి చేరేలోపు రస్మో కుండ చేరింది. పేడనీళ్ళు ఆయన తలమీద నుంచి మండలి ముద్ర మీదుగా బూట్లదాకా దిగాయి. ఆడవాళ్ళు ఆయన చుట్టూ ఒక చుట్టు ఆడారు, ఆచారం ప్రకారం. సైకిళ్ళవాళ్ళు చప్పట్లు కొట్టి, ఇది కూడా కార్యక్రమంలోదే అనుకుని, మూటలతో కిందికి జారుకున్నారు.

కింద అడ్డకర్ర దగ్గర లైకోను నిలబడి ఉన్నాడు. మలుపులోంచి మొదటి సైకిలు కనిపించింది. వీపున పసుపుపచ్చటి చీరమూట. కర్ర ఎత్తాడు. రెండోది వచ్చింది. ఎత్తాడు. రెండేళ్ళు భూమిలో ఊరిన పసుపంతా ఒకదాని వెనక ఒకటిగా అతని ముందు నుంచే చట్టప్రకారం దొర్లిపోయింది. ప్రతి సైకిలుకీ టోపీకి చెయ్యి తాకించి దండం పెట్టాడు.

ఆఖరి సైకిలు దాటాక మండలి జీపు వచ్చి ఆగింది. డ్రైవరు హారను కొట్టాడు.

"కర్ర తియ్యెహె! సార్ పైనుంచి ఫోను చేశారు. అర్జంటుగా బండి పంపమన్నారు. ఆయన నడవలేడంట, కూర్చోనూ లేడంట, వాసనంట."

లైకోను బోర్డు వైపు చెయ్యి చూపించాడు.

"అది రాయించిందే సార్ కదయ్యా!"

లైకోను కొండ వైపు చూసి, గుండెనిండా గాలి పీల్చి, ఈల ఊదాడు. ఈసారి శబ్దం మొత్తం వచ్చింది. సంతలో పశువులు తలలెత్తాయి.

చాలాసేపటికి కమలాకర్ గారు కాలినడకన దిగారు. ఆయన లావు టైర్ల సైకిల్ని ఆడవాళ్ళు, టైరు పగిలిన ఇంకొకాయనకి మూట మోయడానికి ఇచ్చేశారట. సైకిలు లేకుండా ఆ దారిన నడిస్తే తప్పని కాసులమ్మే గుర్తుచేసి, ఊరి సైకిలుని ఆయన భుజానికెత్తిందట. బ్రేకుల్లేని, గొలుసు లేని ఆ సైకిలు మోసుకుని ఆయన అడ్డకర్ర ముందుకొచ్చి నిలబడ్డారు. ఏదో అనబోయారు. లైకోను సైకిలుని చూశాడు, ఉంది. కర్ర ఎత్తాడు.

అప్పుడే మొదటి చినుకు పడింది. ఆ తర్వాత వాన దంచింది. సంతలో షావుకారు అరుగు మీద, పొడిగా, మూటలు పేర్చి ఉన్నాయి. షావుకారు ఒక మూటలో చెయ్యి పెట్టి, కొమ్ము తీసి విరిచాడు. వాన చప్పుడులో కూడా టక్కుమన్న శబ్దం లైకోనుకి వినిపించింది.

*

కమలాకర్ గారు కొన్నాళ్ళు సెలవులో ఉండి, కొత్త ఉత్సాహంతో తిరిగొచ్చారు. ప్రారంభోత్సవం గురించి సైకిళ్ళవాళ్ళు రాసిన పొగడ్తలు పైదాకా వెళ్ళాయట. పేడనీళ్ళు చర్మానికి మంచివని కూడా ఎవరో రాశారట. ఇప్పుడు ఏటా 'పసుపు మోత సాహసయాత్ర' జరుగుతుంది. మూట మొయ్యడానికి పట్నంలో ముందుగా పేర్లు రాయించుకోవాలి. పలుకుబడి లేనిదే దొరకదంటారు. అల్లం మోతకి, చింతపండు మోతకి కూడా యాత్రలు పెట్టమని కాసులమ్మ మండలికి అర్జీ పెట్టింది. ఈ అర్జీ మాత్రం వెంటనే మంజూరైంది. జీపు ఇప్పటికీ రాదు. గుంటలు మరికొంత లోతయ్యాయి. వాటి పేర్లు బోర్డుల మీద కూడా రాయించారు.

లైకోను ఇంటిమీద రేకులు పడ్డాయి. కింద దూలం అదే.

ఒక మధ్యాహ్నం రస్మో గెడ్డలో నీళ్ళు ముంచుతోంది. లైకోను ఒడ్డున రాయి మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. నారింజరంగు చొక్కా తొడుక్కున్న ఒకాయన టేపు పట్టుకుని రాళ్ళ మీద గెంతుకుంటూ వచ్చాడు. గెడ్డ అక్కడ మోకాటి లోతు. ఆ నీళ్ళే ఊరందరూ తాగేది. ఆయన నీళ్ళల్లో చెయ్యి పెట్టి, షావుకారు పసుపు చూసినట్టు చూశాడు.

"ఎంత ప్రశాంతంగా ఉందన్నా! ఈ గెడ్డలో పడవలేమైనా తిరుగుతాయా?"

రస్మో చేతిలో బిందె ఆగిపోయింది. లైకోను చుట్ట వైపు చూశాడు. కొండ వైపు చూశాడు. కొండ మీద రోడ్డు వైపు కొంచెం ఎక్కువసేపు చూశాడు.

"తిరక్కేం బాబూ," అన్నాడు. "నిన్న సాయంత్రమే రెండు ఓడలెల్లినాయి."

ఆయన మొహం వాడిపోయింది. మోకాటి లోతు నీళ్ళని ఇంకోసారి చూసి, "ఇక్కడా ట్రాఫిక్కేనా" అని నిట్టూర్చి, టేపు చుట్టుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఆయన కనుమరుగయ్యేదాకా ఊరుకుని, రస్మో బిందె చంకనెత్తుకుంది. ఈసారి దూలంతో కాదు, మొగుడితోనే మాట్లాడింది.

"రెండేనేటి?" అంది. "మూడెల్లినాయి గదా!"